న్యూయార్క్‌లో మిడిల్ స్కూల్, హైస్కూల్ దరఖాస్తులు: లిస్టులో ఏది ముందు, ఏ ఏడాది మార్కులు ముఖ్యం?

ప్రశ్న: మేం న్యూయార్క్ నగరంలో, క్వీన్స్‌లోని 26వ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నాం. పాప ఇప్పుడు నాలుగో తరగతి. మిడిల్ స్కూల్‌కి ఒకసారి, హైస్కూల్‌కి ఒకసారి అప్లై చేయాలంటున్నారు. ఇప్పటినుంచే కోచింగ్‌లో వేయకపోతే స్టైవెసంట్ లాంటి పేరున్న ప్రభుత్వ హైస్కూళ్లలో సీటు రాదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. పెద్ద స్కూల్ పేరు మొదట రాస్తే, అది రానప్పుడు కింద రాసిన మామూలు స్కూల్ కూడా చేజారుతుందని ఇంకొకరు అన్నారు. లాటరీ నంబర్ సంగతి అసలు అర్థం కాలేదు. ఈ తలనొప్పి ఎందుకు, న్యూజెర్సీకో లాంగ్ ఐలండ్‌కో మారిపోదాం అంటారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, క్వీన్స్

సమాధానం: మీరు అడిగిన వాటిలో ముందుగా తేల్చాల్సింది లిస్టు వరుస సంగతి. ఆ భయంతోనే చాలామంది తల్లిదండ్రులు పిల్లలు నిజంగా కోరుకున్న స్కూల్‌ని మూడో చోటో నాలుగో చోటో రాసి, చేతులారా పోగొట్టుకుంటున్నారు.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిన అనుభవం మీ ఇంట్లో ఎవరికైనా ఉండే ఉంటుంది. అక్కడ మొదటి ఆప్షన్‌గా ఎంత పెద్ద కాలేజీ పెట్టినా, అది రాకపోతే రెండోది చూస్తారే గానీ, పెద్దది అడిగారని రెండోదాంట్లో వెనక్కి నెట్టరు. ఇక్కడా అంతే. నగర విద్యాశాఖ దరఖాస్తులు తీసుకునే మైస్కూల్స్ అనే వెబ్ పోర్టల్‌లో మీరు 12 వరకు ప్రోగ్రాములు, అంటే స్కూళ్లలోని కోర్సు విభాగాలు, వరుసగా పెట్టవచ్చు. కంప్యూటర్ మొదటిదానితో మొదలుపెడుతుంది. అక్కడ మీ పాపకంటే ముందు వరుసలో ఉన్నవాళ్లతో సీట్లు నిండిపోతే రెండోదానికి వెళుతుంది. రెండోదాంట్లో ఆ స్కూల్‌ని మొదటి ఎంపికగా రాసిన పిల్లలతో సమానంగానే పాపను చూస్తారు. అప్పటికే ఆ సీటును తాత్కాలికంగా పట్టుకున్న పిల్లవాడి ప్రాధాన్యం పాపకంటే తక్కువైతే, సీటు అతని చేతి నుంచి పాపకు వస్తుంది. మీరు ఆ స్కూల్‌ని ఎన్నో స్థానంలో రాశారో స్కూల్‌వాళ్లకు కనిపించదు.

మీ స్నేహితులు చెప్పిన మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 2003కి ముందు నడిచిన పాత పద్ధతిలో స్కూళ్లకు ఈ వరుస కనిపించేది. తమను మొదటి స్థానంలో రాయని పిల్లలను పట్టించుకోని స్కూళ్లూ ఉండేవి. ఆల్విన్ రోత్, అతీలా అబ్దుల్‌కదిరోగ్లు, పరాగ్ పాఠక్ అనే ఆర్థికవేత్తలు ఆ పద్ధతిని మార్చి కొత్తది తయారుచేశారు. దీని వెనకున్న సిద్ధాంతానికే 2012లో రోత్‌కూ లాయిడ్ షేప్లీకీ నోబెల్ వచ్చింది. పద్ధతి మారి ఇరవై ఏళ్లు దాటినా పాత సలహా మాత్రం ఇంకా నోటినోటా తిరుగుతోంది. మీ పాపకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే మొదట రాయండి, ఆ తర్వాతివీ అదే లెక్కన.

అయితే నష్టం మరోచోట జరుగుతుంది. 12 గళ్లలోనూ అందరూ ఎగబడే స్కూళ్లే రాసినా, నాలుగైదు రాసి మిగతావి ఖాళీగా వదిలేసినా ప్రమాదమే. అప్పుడు ఏదీ రాక, సీట్లు మిగిలిన ఏదో స్కూల్‌లో వేస్తారు. మీరు దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు, గంటన్నర దూరంలో ఉన్నా ఉండవచ్చు. మూడు నాలుగు గట్టి పోటీ ఉన్నవి, నాలుగైదు మధ్యరకంవి, మూడు తప్పకుండా వచ్చేలా ఉన్నవి రాస్తే లిస్టు నిలబడుతుంది. లెక్క ప్రోగ్రాములది కాబట్టి ఒకే స్కూల్‌లో మూడు ప్రోగ్రాములు రాస్తే మూడు గళ్లు ఖర్చవుతాయి. మీ చిరునామాకు జోన్ హైస్కూల్, అంటే ఆ ప్రాంతానికి కేటాయించిన స్కూల్, ఉందో లేదో కూడా అదే పోర్టల్‌లో చూడండి. కొన్నిచోట్ల అది గ్యారంటీ, కొన్నిచోట్ల ప్రాధాన్యం మాత్రమే. గ్యారంటీ స్కూల్‌కి కింద రాసినవి వృథా, ఎందుకంటే కంప్యూటర్ దాన్ని దాటి కిందికి వెళ్లదు. దాని పైన మాత్రం మీకు నచ్చినన్ని రాసుకోవచ్చు.

ఇక ఏ తరగతిలో ఏమిటో చూద్దాం.

మీ విషయంలో మిడిల్ స్కూల్ పెద్ద సమస్య కాదు. 26వ డిస్ట్రిక్ట్‌లో ఎక్కువ మిడిల్ స్కూళ్లు జోన్ ప్రకారం నడుస్తాయి: 67, 74, 158, 172, 216 నంబర్లవి. ఐదో తరగతిలో అక్టోబరు ప్రాంతంలో దరఖాస్తు తెరుస్తారు, సాధారణంగా డిసెంబరులో గడువు ముగుస్తుంది, వసంతంలో ఫలితం వస్తుంది. ఎలాగూ మన జోనే కదా అని ఆ స్కూల్‌ని లిస్టులో రాయకుండా వదిలేయకండి. మీరు వేరే డిస్ట్రిక్ట్‌లో ఉండి పాప 26లో చదువుతుంటే రెండు డిస్ట్రిక్ట్‌ల స్కూళ్లకూ అర్హత ఉంటుంది. ఈస్ట్ ఎల్మ్‌హర్స్ట్‌లోని లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ మిడిల్ స్కూల్ లాంటివి క్వీన్స్ అంతటికీ తెరిచి ఉంటాయి. నగరంలో మార్కులు చూసి తీసుకునే మిడిల్ స్కూళ్లు తక్కువే. చూసేచోట నాలుగో తరగతి చివరి గ్రేడ్లు చూస్తారు. అలాంటి స్కూల్ మీద ఆశ ఉంటే ఈ జూన్‌లో వచ్చే రిపోర్ట్ కార్డు ముఖ్యమే. లేకపోతే పాపను హాయిగా చదువుకోనివ్వండి.

స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు గోడల మీది బహుమతులకంటే రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టండి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 చెప్పి రీజెంట్స్ అనే రాష్ట్రస్థాయి పరీక్ష రాయిస్తారా? ఆనర్స్ సెక్షన్ ఉంటే అందులోకి పిల్లలను దేన్నిబట్టి, ఏ తరగతిలో తీసుకుంటారు? ఆరో తరగతి మొదట్లోనే సెక్షన్లు విడదీసి, ఆ తర్వాత మార్చని స్కూళ్లుంటాయి. ఆల్జీబ్రా ఎనిమిదిలో అయిపోతే హైస్కూల్‌లో కాలిక్యులస్ దాకా తొందరలేకుండా వెళ్లవచ్చు. కాకపోతే మధ్యలో ఎక్కడో రెండు కోర్సులు ఒకే ఏడాదిలో చేయాల్సి వస్తుంది.

ఆరో తరగతిలో ఒక ప్రత్యేక ద్వారం ఉంది, హంటర్ కాలేజ్ హైస్కూల్. ఇది నగర విద్యాశాఖది కాదు, హంటర్ కాలేజీ నడుపుతుంది. 7 నుంచి 12 వరకు ఉంటుంది. ఆరో తరగతిలో ఒకే ఒక్కసారి రాసే ప్రవేశపరీక్షతోనే ప్రవేశం. ఆ పరీక్ష రాయడానికి అర్హత ఐదో తరగతి రాష్ట్ర పరీక్షల మార్కులను బట్టి వస్తుంది. అంటే మిగతాచోట్ల పెద్దగా పనికిరాని ఆ మార్కులు ఇక్కడ తలుపు తీస్తాయి. కానీ స్కూల్ మన్‌హాటన్‌లో 94వ వీధి దగ్గరుంది. తూర్పు క్వీన్స్ నుంచి పన్నెండేళ్ల పిల్ల రోజూ బస్సు, రైలు మారి వెళ్లాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

అసలు బరువంతా ఏడో తరగతిది. చాలామంది ఎనిమిదో తరగతే ముఖ్యమనుకుని ఏడుని వదిలేస్తారు. దరఖాస్తు ఎనిమిదో తరగతి డిసెంబరులోనే పెడతారు కాబట్టి, మార్కులు చూసే హైస్కూళ్లు లెక్కలోకి తీసుకునేవి ఏడో తరగతి చివరి గ్రేడ్లు. ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్, సోషల్ స్టడీస్, ఈ నాలుగింటి సగటు. రాష్ట్ర పరీక్షల మార్కులు, అటెండెన్స్ ఇందులో కలవవు. సగటును బట్టి పిల్లలను గ్రూపులుగా విడదీస్తారు. నగరంలో గానీ, తన స్కూల్‌లో గానీ పై 15 శాతంలో ఉండి, సగటు 90 తగ్గని పిల్లలు మొదటి గ్రూపు. స్కూల్ మొదటి గ్రూపు పిల్లలందరినీ చూశాకే రెండో గ్రూపుకి వస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒకే గ్రూపులో ఉన్నవాళ్లలో 95కీ 99కీ తేడా లేదు. ఇద్దరూ సమానమే, ఇద్దరి మధ్యా తేల్చేది దరఖాస్తు చేసే ప్రతి పిల్లకూ కంప్యూటర్ గుడ్డిగా ఇచ్చే లాటరీ నంబరు. మొదటి గ్రూపు గీత దాటాక ఇంకో మార్కు కోసం పిల్లను రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టడంలో ప్రయోజనం లేదు. గీతకు కొంచెం కింద ఉన్న పిల్లకు మాత్రం ఆ రెండు మార్కులే మొత్తం మార్చేస్తాయి. ఆ గీత నగరం మొత్తం మార్కులను బట్టి ఏటా కొంచెం కదులుతుంది. కాబట్టి ఏడో తరగతి సెప్టెంబరులోనే నాలుగు సబ్జెక్టుల టీచర్లనూ అడిగి, చివరి గ్రేడులో హోంవర్క్ ఎంత, పరీక్షలు ఎంత, ప్రాజెక్టులు ఎంత అన్నది రాసుకోండి. ప్రతిభ ఉన్న పిల్లల సగటు పడిపోయేది తరచుగా పరీక్షల్లో కాదు, ఇవ్వకుండా మర్చిపోయిన హోంవర్కుల్లో. ఒక్క సోషల్ స్టడీస్ ప్రాజెక్టు ఆలస్యమైతే నాలుగింటి సగటూ కిందికి దిగుతుంది.

లాటరీ నంబరు చూస్తే కంగారు పుడుతుంది గానీ చదవడం సులువు. అది 32 అక్షరాల పొడవుంటుంది, 0 నుంచి 9 అంకెలు, ఎ నుంచి ఎఫ్ అక్షరాలు. మొదటి రెండు చూస్తే చాలు. ఎ అంటే 10, బి 11, అలా ఎఫ్ 15. మొదటిదాన్ని 16తో గుణించి రెండోది కలిపి 256తో భాగించండి. నంబరు 3బితో మొదలైతే 3 పదహార్లు 48, దానికి 11 కలిపితే 59. దాన్ని 256తో భాగిస్తే 23 శాతం. అంటే ఉజ్జాయింపుగా 23 శాతం పిల్లలు మీ పాపకంటే ముందున్నారు, చాలా మంచి నంబరు. సి4 అయితే 196, దాదాపు 77 శాతం, అంటే వెనక. 0తో మొదలైతే అదృష్టం, ఎఫ్‌తో మొదలైతే చివరి వరుస. దరఖాస్తు తెరిచాక మైస్కూల్స్‌లో మీ ఖాతాలోనే ఇది కనిపిస్తుంది.

ఈ నంబరును బట్టి మీ ఇష్టాల వరుస మార్చకండి, లిస్టులో ఏమేం ఉండాలన్నది మాత్రం ఆలోచించండి. వెనక నంబరు వస్తే, లాటరీ ఒక్కటే కాకుండా పాప పని కూడా లెక్కలోకి వచ్చే స్కూళ్లు చేర్చండి. వ్యాసమో, సొంత పరీక్షో పెట్టి చూసేవి కొన్ని ఉన్నాయి. బార్డ్ ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లు అలాంటివే, అక్కడ హైస్కూల్ డిప్లొమాతో పాటు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ కూడా వస్తుంది. ఆడిషన్‌తో తీసుకునే కళల స్కూళ్లకూ అంతే. పోటీ తక్కువగా ఉన్నవి ఇంకో రెండు కలపండి. ప్రతి ప్రోగ్రాము కింద ఒక్కో సీటుకి ఎంతమంది అడిగారో పోర్టల్‌లో చూపిస్తారు. ఒక సీటుకి 15 మంది అని కనిపించగానే ఆశ వదులుకోకండి. ఆ పదిహేనుమందిలో చాలామంది దాన్ని ఏడో స్థానంలోనో ఎనిమిదో స్థానంలోనో రాసి, పైదాంట్లోనే సీటు తెచ్చుకుని పోటీనుంచి తప్పుకుంటారు. ఆ అంకె పక్కనే ఎవరికి ముందు ప్రాధాన్యమిస్తారో కూడా రాసి ఉంటుంది, అది అంతకంటే ముఖ్యం.

ఇప్పుడు కోచింగ్. స్పెషలైజ్డ్ హైస్కూళ్లు తొమ్మిది. అందులో లగార్డియాకి ఆడిషన్. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్, బ్రూక్లిన్ లాటిన్, స్టాటెన్ ఐలండ్ టెక్, సిటీ కాలేజ్ దగ్గరి మ్యాథ్–సైన్స్ హైస్కూల్, లీమన్ కాలేజ్ దగ్గరి అమెరికన్ స్టడీస్ హైస్కూల్, యార్క్ కాలేజ్ దగ్గరి క్వీన్స్ సైన్స్ హైస్కూల్, ఈ ఎనిమిదింటికీ ఎస్‌హెచ్‌శాట్ అనే ఒకే పరీక్ష. ఇంగ్లిష్‌లో 57 ప్రశ్నలు, మ్యాథ్‌లో 57, మూడు గంటలు. ఈ పరీక్ష 2025 నుంచి కంప్యూటర్ మీదికి మారింది. పిల్ల జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారే పద్ధతిని 2026 నుంచి తెచ్చేలా ప్రణాళిక వేశారు. అందుకే ఇప్పుడు మీ అల్మారాలోకి పాత కాగితపు గైడ్లు కొని పెట్టుకోవద్దు. మీ పాప రాసేనాటికి అవి సగమే పనికొస్తాయి.

ఏటా సుమారు 25 వేలమంది రాస్తే 4 వేల పైచిలుకు పిల్లలకు సీటు వస్తుంది. గ్రేడ్లు, లాటరీ ఇందులో లెక్కకు రావు. మార్కుల వరుసలో మొదటి పిల్లనుంచి ఒక్కొక్కరినీ పిలిచి, తాము రాసిన ఇష్టాల్లో ఖాళీ ఉన్న మొదటి స్కూల్ ఇచ్చినట్టు నడుస్తుంది. ఇక్కడా నిజమైన ఇష్టాల వరుసే రాయాలి. ఈ లిస్టు ఆ 12కి పూర్తిగా వేరు, పరీక్ష రాసినంతమాత్రాన అక్కడ ఒక్క గడి కూడా తగ్గదు.

నాలుగో తరగతి పిల్లను ఈ పరీక్ష కోచింగ్‌కి పంపడం వద్దని గట్టిగా చెబుతాం. నాలుగేళ్లపాటు ఒకే పరీక్ష పేరు వింటూ పెరిగిన పిల్లకు, సీటు రాకపోతే తానే పనికిరానిదన్న భావం మిగిలిపోతుంది. ఇప్పుడు కావాల్సింది చదివే అలవాటు. ఇంగ్లిష్ భాగంలో మన పిల్లలు తడబడేది వ్యాకరణంలోకంటే, ఓపికగా ఒక పొడవైన వ్యాసం చదివి రచయిత ఎందుకలా అన్నాడో పట్టుకోవడంలో. ఆ ఓపిక ఆరునెలల కోచింగ్‌లో రాదు. ఇంట్లో రోజూ అరగంట తనకు నచ్చిన పుస్తకం చదివితే వస్తుంది, అది కథైనా సరే, కీటకాల గురించైనా సరే. మ్యాథ్‌లో భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు ఆరో తరగతి లోపు చేతికి రావాలి. పరీక్ష తయారీ ఏడో తరగతి వసంతంలో మొదలుపెట్టి, వేసవిలో వారానికి ఒక పూర్తి నమూనా పరీక్ష సమయం పెట్టుకుని రాయిస్తే ఎక్కువమందికి సరిపోతుంది. నగర విద్యాశాఖ నమూనా పరీక్షలను ఉచితంగా ఇస్తుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకు డ్రీమ్ అనే ఉచిత శిక్షణ కూడా ఉంది. తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదని పిల్లకు చెప్పండి.

నిబంధనలు మారిపోతాయేమోనన్న అనుమానమూ సహజమే. వీటిలో కొన్ని గట్టివి, కొన్ని కావు. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్‌లకు ప్రవేశపరీక్ష 1971లో వచ్చిన రాష్ట్ర చట్టంలోనే ఉంది. దాన్ని తీసేయాలని 2018లో అప్పటి మేయర్ డి బ్లాసియో ప్రయత్నించినా శాసనసభలో సాగలేదు. మార్కుల గ్రూపులు, మిడిల్ స్కూల్ ఎంపికలు మాత్రం నగర విద్యాశాఖ చేతిలో ఉన్నాయి, 2020 నుంచి చాలాసార్లు మారాయి. అందుకే పాప ఐదులోనూ ఏడులోనూ ఉన్నప్పుడు సెప్టెంబరులో ఆ ఏడాది నియమాలు మళ్లీ చదవండి. పక్కింటివాళ్ల అబ్బాయి రెండేళ్ల కిందట ఎలా వెళ్లాడన్నది ఆధారం కాదు.

మీవారి మాట తీసిపారేయదగింది కాదు. లాంగ్ ఐలండ్‌లో, న్యూజెర్సీ పట్టణాల్లో ఇంటి చిరునామాతోనే స్కూల్ ఖాయం, దరఖాస్తు బెడద ఉండదు. దాని ధర ఆస్తిపన్నులోనూ మీ ఇద్దరి ప్రయాణంలోనూ కడతారు. నగరం దాటితే ఎస్‌హెచ్‌శాట్ మొదలుకొని ఇక్కడి ద్వారాలన్నీ మూసుకుంటాయి. మారాలనుకుంటే పాప ఆరో తరగతిలో చేరేముందు మారండి, స్నేహాలూ కొత్త బడిలోనే మొదలవుతాయి. ఏడో తరగతి మధ్యలో మారడం అన్నిటికంటే చెడ్డ సమయం. ఇల్లు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: ఫ్లోరల్ పార్క్ అన్న పేరు క్వీన్స్‌లోనూ ఉంది, పక్కనే లాంగ్ ఐలండ్‌లోని నాసౌ (Nassau) కౌంటీలోనూ ఉంది. సరిహద్దు కొన్ని వీధుల దూరమే. ప్రకటనలో ఊరి పేరు నమ్మకుండా ఇంటి నంబరుతో స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదో సరిచూసుకోండి. నగరంలోనే మరో చోటికి మారడం వల్ల హైస్కూల్ విషయంలో పెద్దగా ఒరిగేది లేదు, జోన్ గ్యారంటీ, కొన్ని స్కూళ్లు ప్రాంతాన్నిబట్టి ఇచ్చే ప్రాధాన్యం మాత్రం మారతాయి.

ఇండియానుంచి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో వచ్చే కుటుంబాలకు ఒక మాట. గడువు దాటాక వచ్చినా ఫ్యామిలీ వెల్‌కమ్ సెంటర్‌కి వెళితే సీటు చూస్తారు. గత రెండేళ్ల మార్కుల మెమోలు, టీకాల కాగితాలు, ఇంటి చిరునామా రుజువులు చేతిసామానులోనే పెట్టుకు రండి.

ఎనిమిదో తరగతి అక్టోబరులో పోర్టల్ తెరవగానే మొదటి పని, అందులో కనిపించే ఏడో తరగతి గ్రేడ్లు జూన్ రిపోర్ట్ కార్డుతో సరిపోయాయో లేదో చూడటం. ఒక్క సబ్జెక్టు తప్పు పడినా గ్రూపు మారిపోతుంది, గడువు దాటాక సరిచేయించడం కష్టం. తేడా కనిపిస్తే ఆ వారమే స్కూల్ కౌన్సెలర్‌కి రాతపూర్వకంగా పంపండి. మార్చిలో ఫలితం వచ్చాక, మీకు దక్కిన స్కూల్‌కంటే పైన రాసినవాటి వెయిట్‌లిస్టుల్లో పాప పేరు దానంతటదే చేరుతుంది. వచ్చిన సీటు ఒప్పుకున్నా ఆ వరుసలో స్థానం పోదు. తొమ్మిదో తరగతిలో మరోసారి, పదో తరగతి సీట్లకు, ఎస్‌హెచ్‌శాట్‌తో సహా ప్రయత్నించే వీలుంది.

లిస్టు ఖాయం చేసేముందు ప్రతి స్కూల్‌కీ ఒక మామూలు పనిరోజు ఉదయం ఏడింటికి పాపతో కలిసి వెళ్లి చూడండి. మీ ప్రాంతంలో సబ్‌వే లేదు, బస్సులో జమైకాకో ఫ్లషింగ్‌కో వెళ్లి రైలెక్కాలి. విద్యార్థులకిచ్చే ఓమ్నీ అనే బస్సు, రైలు కార్డుతో రోజుకు నాలుగు ప్రయాణాలు ఉచితం గానీ సమయం ఉచితం కాదు. స్టైవెసంట్ దాకా ఒకవైపే గంటన్నర దాటవచ్చు, రోజుకు మూడు గంటలు. యార్క్ కాలేజ్ దగ్గరి క్వీన్స్ సైన్స్ హైస్కూల్ జమైకాలో ఉంది, మార్కులు చూసి తీసుకునే టౌన్సెండ్ హారిస్ హైస్కూల్ క్వీన్స్ కాలేజ్ పక్కన ఉంది. రెండూ మీకు చాలా దగ్గర. సాయంత్రం నాటకమో, ఆటో, రోబోటిక్స్ క్లబ్బో ముగించుకుని చీకటి పడకముందే ఇల్లు చేరగలదా అని పాపనే అడగండి. తను చెప్పే జవాబును బట్టి మొదటి మూడు గళ్లూ మీరిద్దరూ కాదు, తనే నింపాలి.